చవితి చంద్రుడి మీద పడిన రాయి

తమిళనాడులో హరూర్ నుంచి ధర్మపురికి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఫోన్‌లో ఎవరినో తెలుగులో కడిగిపారేసి పెట్టేశాడు. ఈ బస్సుల్లో తెలుగు వినిపించడమే అరుదు కనుక, ఏమైందని అడిగాను.

పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడట. తీరిక దొరికితే టెలిస్కోపుకు కెమెరా తగిలించి, చంద్రుడి మీద వెలుగు పడని భాగాన్ని తీస్తూ కూర్చుంటాడట. అక్కడ ఆకాశంలోంచి ఏదైనా రాయి వచ్చి పడితే చిన్న మెరుపు మెరిసి వెంటనే ఆరిపోతుంది.

"పోయిన వినాయక చవితి సాయంత్రం నాకు దొరికిందన్నా," అని ఫోన్ చూపించాడు. నెలవంక పక్కన నల్లటి చోట ఒక తెల్లని చుక్క వెలిగి మాయమైంది.

"మరి కోపమెందుకు?"

"ఒక్కడు తీస్తే మా టెలిస్కోపు గ్రూపులో ఒప్పుకోరన్నా, కెమెరా తప్పంటారు. ఇంకో ఊర్లో ఇంకొకడు అదే మెరుపును తీసుండాల. మారండహళ్ళిలో నా స్నేహితుడు తీస్తానని మాటిచ్చినాడు. చవితినాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు పడతాయని భయపడి, కెమెరా ముట్టనే లేదు."

"అదే మాట అతను అందరికీ చెప్పొచ్చుగా?"

"చెప్పేదానికి సిగ్గు వానికి. నేనూ తీసినాను, నాకేమీ కనపడలేదు, వీడిది దొంగ వీడియో అని గ్రూపులో రాసినాడు. ఇప్పుడు తిట్టింది వాణ్ణే."

ధర్మపురిలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నేను పేరైనా అడగలేదు.

ఈ ఏటి చవితికి చంద్రుడు కనబడతాడని మా ఆవిడ కిటికీ మూయబోయింది. ఉండనీ, నిందలు వేసేది చంద్రుడా అన్నాను.