రేడియేటర్‌లో గంజి

మొన్న ఎండపూట కోరుట్లలో ఆటో కోసం నిలబడితే, రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన కారొకటి పొగలు కక్కుతూ కనిపించింది. కుర్రవాడొకడు ఫోన్‌లో ఎవరితోనో మర్యాదగా పోట్లాడుతూనే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతున్నాడు. రిటైరైన టీచర్లకు చెప్పకుండా ఊరుకోలేని జబ్బొకటి ఉంటుంది. "మూత ఇప్పుడే తియ్యకు కొడుకా, మొఖం కాల్తది" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఈ ముసలమ్మకు కార్ల సంగతేం తెలుసని కాబోలు. నిజమే, కార్ల గురించి నేను నేర్చుకున్నది ఒక్కరోజే. కానీ ఆ రోజు నేర్చుకున్నది ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు.

ఆ కారు మా పెద్దబాపుది, అంటే మా నాన్న అన్నయ్యది. సిరిసిల్లలో ఆయనకు చేతిమగ్గాలుండేవి. కాస్త కలిసొచ్చిన ఏడు, డాక్టరుగారొకరు వదిలించుకుంటున్న పాత కారును ఈయన మహా సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాడు. దాని రంగేమిటంటే ఇంట్లో తలా ఒకటి చెప్పేవాళ్ళం. ఎడమ తలుపు లోపలి నుంచే తెరుచుకునేది. ఎత్తు ఎక్కాల్సి వస్తే పెద్దబాపు స్టీరింగు నిమిరి "నడువు తల్లీ, నడువు" అని బతిమాలేవాడు. వెనక సీట్లోంచి పెద్దమ్మ "నన్నెన్నడన్న గట్ల బతిలాడినవా?" అనేది. మగ్గం మీద ఒక్క పోగు తెగితే ఇల్లంతా అదిరేలా అరిచే మనిషి, ఆ కారును మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, నాకు తమ్ముడి వరస, జగిత్యాలలో కాలేజీ చదువుతుండేవాడు. అవి అన్నల, అంటే నక్సలైట్ల కాలం. తెల్లారేసరికి గోడల మీద ఎర్రక్షరాలు ఉండేవి. వాటిలో కొన్ని మావాడి చేతిరాత అని పోలీసులు పట్టుకుపోయారు. ఎక్కడున్నాడో కొన్నాళ్ళు తెలియలేదు. చివరికి ఒక పొద్దున, జగిత్యాల వైపు ఒక ఠాణాలో పనిచేసే దూరపు చుట్టం కబురు పంపాడు. పొద్దుగూకేలోగా తల్లిదండ్రులు రావాలి, సర్కారు నౌకరీ చేసేవాళ్ళెవరైనా పూచీ సంతకం పెట్టాలి, అలా అయితే వదిలేస్తారు. రాకపోతే రాత్రికి వేరేచోటికి తీసుకుపోతారు. ఎక్కడికి అని మాలో ఎవరూ అడగలేదు. అలా రాత్రిపూట తీసుకుపోయిన పిల్లల సంగతులు అప్పుడప్పుడూ ఎన్‌కౌంటర్ పేరుతో పేపర్లో వచ్చేవి. మా ఇంట్లో సర్కారు నౌకరీ నా ఒక్కదానికే ఉంది. కొత్తగా టీచరుగా చేరాను.

ఇక ఇంట్లో తలో దిక్కు పరుగెత్తాం. పెద్దబాపు చొక్కా తొడుక్కుంటూ "కార్ల నీళ్లు పొయ్యుండ్రి" అని కేకేశాడు. రేడియేటర్‌లో ఎవరో పోశారు. దగ్గరి దారిలో కల్వర్టు పేల్చేశారని విని, కోరుట్ల మీదుగా చుట్టు తిరిగి ముగ్గురం బయల్దేరాం. రుద్రంగి దాటి కొంతదూరం పోయామో లేదో, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ముందునుంచి బుసబుసా ఆవిరి లేచింది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను గరగరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు.

పెద్దబాపు దిగి పరీక్ష మొదలుపెట్టాడు. హారన్ మోగింది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది. ప్లగ్గు ఊడదీసి చూస్తే నిప్పురవ్వ వస్తోంది. పెట్రోలు పైపు విప్పితే చుక్కకు బదులు బుడగలొచ్చాయి. "పెట్రోలే ఆవిరైతున్నది. ఇంజను సల్లవడాలె. గిప్పుడే సన్నీళ్లు పోస్తే పగుల్తది" అన్నాడు. చేయగలిగిందల్లా ఎదురుచూడటమే. పెద్దమ్మ పొద్దు వైపు చూస్తూ నిలబడింది. చేలల్లో మనుషులున్నారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. ఆ రోజుల్లో పల్లెదారిలో కారు ఆగిందంటే దొరలదో, పోలీసులదో అయి ఉండాలి. చివరికి కల్లు కుండలతో సైకిల్ మీద పోతున్న గౌడొకాయన, ఏడుపు మొహాలతో ఉన్న ఆడవాళ్ళను చూసి దిగాడు. విషయం విని, మారుమాట లేకుండా కుండల్లోని కల్లు గట్టున పారబోసి, బావి నీళ్ళు నింపుకొచ్చాడు. ఆ కల్లు వాసన నాకు ఈనాటికీ కమ్మగానే ఉంటుంది.

ఆవిరి తగ్గాక పెద్దబాపు తువ్వాలు మడిచి పట్టుకుని మూత తీశాడు. లోపలంతా తెల్లటి నురగ, చిక్కగా. "ఇంజను హెడ్డు వోయింది. నూనె నీళ్లల్ల కలిసి తెల్లగైంది. ఇగ ఇది కదలది" అన్నాడు. గౌడాయన కూడా తలొంచుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ముందుకొచ్చి ఆ నురగను వేలితో తీసి, బొటనవేలికి రాసి చూసింది. రోజూ మగ్గం పడుగు పోగులకు పట్టించే గంజి పదును ఆమె అలాగే చూసేది. చూసి, అక్కడే రోడ్డు మీద కూలబడింది.

"నూనె కాదయ్యా. గంజి. నేనే పోసిన. పడుగుకు పెట్టిన కుండ, నీళ్ల కుండనుకున్న" అని తల బాదుకుంది. "నా కొడుకుకు నేనే అడ్డం వడ్డ."

పోగు తెగితే అరిచే మనిషి ఇప్పుడేమంటాడోనని నేను పెద్దమ్మ పక్కకు జరిగాను. పెద్దబాపు ఆమె వైపు తేరిపార చూశాడు. "గంజేనా? హెడ్డు వోలేదా?" అన్నాడు. కళ్ళనీళ్ళతోనే నవ్వాడు. "బతికిచ్చినవ్ పో! గంజైతే కడిగితే పోతది. లే, ఏడ్వకు. గీ పొద్దు నీ మనసు నీ దగ్గరున్నదా?" అన్నాడు.

అడుగున మర తిప్పి, పుల్లతో పొడిచి, గంజంతా కారబెట్టాం. పైనుంచి పోసిన నీళ్ళు కిందికి తేటగా వచ్చేదాకా గౌడాయన బావికీ కారుకూ తిరుగుతూనే ఉన్నాడు. పెట్రోలు మళ్ళీ ఆవిరి కాకుండా ఇంజను పక్కనున్న పెట్రోలు పంపు మీద తడిపిన తువ్వాలు కప్పారు. పెద్దబాపు తాళం తిప్పాడు. ఈసారి బతిమాలలేదు, కళ్ళు మూసుకున్నాడు. ఇంజను అందుకుంది. అప్పటికే పొద్దు చెట్ల వెనక్కి జారిపోయింది.

ఠాణా చేరేసరికి దీపాలు పెట్టేశారు. వాడుంటాడో ఉండడోనని పెద్దమ్మ మెట్లెక్కలేదు, పెద్దబాపు ఆమె దగ్గరే ఆగాడు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. వరండాలో బల్ల మీద తమ్ముడున్నాడు. చిక్కిపోయాడు, గడ్డం మాసింది, కానీ ఉన్నాడు. "ఎస్సై సారు పొద్దటి సంది బందోబస్తుకు వోయిండు, ఇంక రాలే. కూసోండ్రి" అన్నాడు మా చుట్టం. మేం రోడ్డు మీద ఏడ్చినంతసేపూ ఆ సారూ ఏదో రోడ్డు మీదే ఉన్నాడన్నమాట. తర్వాత వచ్చాడు, బయటున్న తల్లిదండ్రులను, నా సంతకాన్ని చూశాడు, తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు. అంతే. బయట పెద్దమ్మ కొడుకు మొహాన్ని గుడ్డిదానిలా తడిమి తడిమి చూసుకుంది. వాడు కారు వైపు చూసి "గిది ఇంక నడుస్తున్నదా?" అన్నాడు. ఆ మాటకు పెద్దబాపు బానెట్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నీ గంజి వల్లే ఆలస్యమైందని పెద్దమ్మను చాన్నాళ్ళు ఆటపట్టించాను. ఒకరోజు ఆమే ఆపి, ఒక సంగతి చెప్పింది. తమ్ముడితో చదివిన ఒక పిల్లవాణ్ణి కూడా అప్పుడే పట్టుకుపోయారట. వాళ్ళమ్మ మొదటి బస్సుకే పోయి, తెల్లారకముందే ఇంకో ఠాణా మెట్ల మీద కూర్చుందట. ఆ పిల్లవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. మేం వేళ దాటి వెళ్ళి మా పిల్లవాణ్ణి తెచ్చుకున్నాం, ఆ తల్లి అందరికంటే ముందు వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గంట కొట్టించి పిల్లలకు వేళ నేర్పినదాన్ని, ఏది వేళో ఏది ఆలస్యమో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.