ముట్టుగది చదువు

మా అత్తగారింట్లో నేను తలుపు వేసుకోగలిగిన గది ఒక్కటే ఉండేది. అదీ నెలకు ఆ మూడు రోజులే. హన్మకొండ ఇంటి పెరట్లో, రేకుల కప్పు వేసిన ముట్టుగది. వాడకట్టులో కోడళ్లంతా అలాంటి గదుల్లోకి తిట్టుకుంటూ పోయేవాళ్లు. నేను పుస్తకాల సంచీ సర్దుకుని పోయేదాన్ని.

డెబ్బైల చివర్లో పెళ్లయి వరంగల్ వచ్చేనాటికి హైదరాబాదులో నా ఎంఫిల్ సగంలో ఉంది. లాటిన్ కడుపున పుట్టిన భాషల్లో, జరగనిదాన్ని ఊహించి చెప్పే పాత క్రియారూపం ఒకటుంది. మనం "నువ్వు వచ్చి ఉంటే" అని వాపోయే చోట పనికొచ్చేది. ఏ భాషలో అది ఎలా బతికిందో, ఎలా చచ్చిందో పోల్చి రాయాలి. వేసవి సెలవుల్లోపు ఇవ్వకపోతే పేరు కొట్టేస్తానన్నాడు గైడు.

మామూలు రోజుల్లో నేను పుస్తకం తెరిస్తే చాలు, అత్తమ్మకు పొయ్యి మీద పాలు పొంగేవి. మా ఆయన కాలేజీ లెక్చరర్. ఆయన చదువుకుంటుంటే మాత్రం ఇంట్లో రేడియో కూడా నోరు మూసుకునేది.

మొదటిసారి సంచీతో పెరట్లోకి పోతుంటే అత్తమ్మ ఆపింది.

"ముట్టయి పుస్తకం ముడతవా? సరస్వతమ్మకు కోపమొస్తది!"

"ఇవి తెల్లోళ్ల పుస్తకాలత్తమ్మా. సరస్వతమ్మకు ఈ అక్షరాలు రావు."

దూరం నుంచే పేజీలు తిప్పించి చూసింది. ఒక్క అక్షరమూ మనది కాదు. "అయితె అంటు లేదు తియ్" అని తీర్పిచ్చింది. తెలుగు వారపత్రికకు మాత్రం ససేమిరా అంది.

అలా నెలకింత చొప్పున పని సాగింది. ఫ్రెంచివాళ్లు ఆ రూపాన్ని పాత పుస్తకాల్లో దాచి, మాటల్లో వదిలేశారు. ఇటలీలో అది ఇప్పటికీ వంటింట్లో తిరుగుతుంది. స్పెయినులో రెండు రూపాలు, తోడికోడళ్లలా ఒకే పని చేసుకుంటూ ఉన్నాయి. ఇక మిగిలింది రుమేనియన్ ఒక్కటే. అక్కడ అదే రూపం ఊహలన్నీ మానేసి, అంతకుముందు జరిగింది జరిగిందని చెప్పి ఊరుకుంటుంది.

అప్పుడే నెల తప్పింది.

కడుపుతో ఉన్నదానికి ముట్టుగది ఎక్కడిది? అందుకని ఎవరికీ చెప్పకుండా ఎప్పటిలాగే పోయి బయట కూర్చున్నాను. పై నెలా అంతే. నా ఒంటి సంగతి నేను చెప్పినప్పుడే లోకానికి తెలియాలి. ఇప్పటికీ నాది అదే వాదన.

"మళ్ల బయటున్నవా బిడ్డా?" అంది అత్తమ్మ నీరసంగా. మనవడి కోసం ఉపవాసాలు మొదలుపెట్టింది. చెబితే గది పోతుంది, చెప్పకపోతే ముసలామె కడుపు మాడ్చుకుంటుంది. రుమేనియన్ ఒక్క పేరా కదల్లేదు.

ఆ రోజు గడప అవతల నుంచి ఆమె జరిపిన కంచంలో చింతకాయ తొక్కు వాసనకు భళ్లున కక్కాను. అత్తమ్మ అంటూ ముట్టూ మరిచిపోయి లోపలికొచ్చి నా తల పట్టుకుంది.

"ఎన్నో నెలనే?"

"మూడో నెల."

"ఓ నా తల్లీ! కడుపుతోని ఈ రేకుల కింద, చాప మీద పండినవా? ఎందుకే?"

"చదువుకోవాలె అత్తమ్మా. ఇంకొక్క నెల ఈ గది ఇయ్యుండ్రి."

"కడుపుతోనున్నదాన్ని బయట కూసోబెడితె నలుగురు నా మొఖాన ఉమ్మరా?"

"నలుగురికి చెప్పకుండ్రి."

"నోరు జూడు దీనిది!"

సాయంత్రం మా ఆయనకు గది సంగతి చెప్పాను. "ఇంట్ల ఇంత సంబురం పెట్టుకొని నీకు గది ఫికరేంది?" అన్నాడు.

"మీకున్నది కాబట్టి మీకు లేదు ఫికర్."

నవ్వి, రెండో లడ్డూ తీసుకున్నాడు.

గదికి తాళం పడింది. నన్ను నడింట్లో మంచం మీద కూర్చోబెట్టారు. కడుపుతో ఉన్నదాన్ని ఒంటరిగా వదలొద్దట, గాలి సోకుతుందట. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎవరో ఒకరు పక్కనే. పుస్తకం తెరిస్తే "కండ్లు గుంజుతయ్ బిడ్డా" అని మెల్లగా మూసేసేవాళ్లు. తిడితే తిరిగి తిట్టగలను. పాలగ్లాసుతో ఎలా కొట్లాడేది?

సెలవులొచ్చాయి. గైడు అన్నంత పనీ చేశాడు. ఆ సంగతి తెలిసిన మధ్యాహ్నం పక్కింటామె నా తల దువ్వుతోంది. ఏడుద్దామని గోడవైపు తిరిగాను. అత్తమ్మ మంచం చుట్టూ తిరిగి ఆ పక్కకే వచ్చి కూర్చుంది.

"ఏమన్న తింటవా?" అంది.