కొస బురుజు కనపడినంతసేపు

మా నాన్న కొండవీడు కొండ కింద యాభై ఏళ్ళు బతికి, ఒక్కసారి కూడా దాని వెన్ను మీద నడవలేదు. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా అదే. పైన ఏముంది నాన్నా అని చిన్నప్పుడు అడిగితే "రాళ్ళు" అనేవాడు. రాళ్ళు పండవు కాబట్టి వాటిని చూడ్డానికి పోవడం ఆయన లెక్కలో పనీపాటా లేనివాళ్ళ పని.

నేను డిగ్రీ పాసైతే ఏదడిగినా ఇస్తానని మాటిచ్చాడు. చీర అడుగుతాననుకున్నాడు పాపం. "కొండ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నాతో నడు" అన్నాను. ఆ మాట చెల్లించడానికి ఏడాది పట్టింది. పత్తి తీతలవనీ అన్నాడు, మిరప కోతలవనీ అన్నాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది, సెల్‌ఫోన్లు ఇంకా మా ఇళ్ళ దాకా రాలేదు. మార్చి నెలలో కాయ కళ్ళానికి చేరింది. ఊరి బయట చదును చేసిన నేల మీద మిరపకాయను ఎర్రగా పరిచి ఎండబెట్టే చోటే కళ్ళం. సాయంత్రం కుప్ప చేసి మంచు తగలకుండా పట్టా కప్పాలి, పొద్దున్నే విప్పి మళ్ళీ పరవాలి. అన్ని రోజులూ నాన్న తిండీ నిద్రా అక్కడే.

అమ్మ ఆయనతో సమానంగా కాయ పరిచేది, ఎగదోసేది, రంగు చెడిన తాలుకాయ ఏరేది. పట్టా ఎప్పుడు కప్పాలన్న మాట మాత్రం నాన్నదే. పాతికేళ్ళలో "మబ్బేసింది, ఏమంటావు?" అని ఆమెను అడిగిన పాపాన పోలేదు. ఒకవేళ ఆమె ఏదైనా అన్నా, ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చివరికి అమ్మే విసుగెత్తి, "ఒక్క రోజుకి కొంప మునగదు. కళ్ళంలో నేనుంటాగా. పిల్లని తీసుకుని పోయి రండి" అంది. బయల్దేరేముందు నాన్న ఆమెకి ఒకే జాగ్రత్త ఏడుసార్లు చెప్పాడు.

అప్పుడే మేము మైదానపు మనుషులం చేసే తప్పు చేశాం. నాన్న కళ్ళంలో నిలబడి చెయ్యి చాపి, ఈ కొస నుంచి ఆ కొసకి కొండను జానతో కొలిచాడు. "జానెడే! మధ్యాహ్నానికి వచ్చేస్తాం" అన్నాడు. మా వైపు కంటికి ఆనింది కాలికీ అందుతుంది, నేలంతా బల్లపరుపు కదా. ఒక్క నీళ్ళ సీసా, ఒక డబ్బా పులిహోర, ఆయన కాళ్ళకి హవాయి చెప్పులు. దూరపు కొండలు నునుపని ఊరికే అన్లేదు. వెన్ను మీదికి ఎక్కేసరికే సీసా సగమైంది. కింది నుంచి గీతలా కనపడేదంతా పైన గుండ్లూ, పగుళ్ళూ, కూలిన కోటగోడ రాళ్ళూ. ఆకు రాలిన సీతాఫలం పొదలు చీర పట్టి లాగుతుంటే నాన్న ముందు నడిచి వాటిని విరిచి దారి చేశాడు. ఒకచోట రాయి సన్నబడి రెండు వైపులా లోయైంది. అక్కడ ఆయన కూర్చుని, చెప్పులు చంకలో పెట్టుకుని, చంటిపిల్లాడిలా జరుగుతూ దాటాడు. నేను నవ్వాను. తర్వాత నేనూ అలాగే దాటాను.

దాటి తలెత్తి చూశాం. అంత నేలను ఒక్కసారి చూడటం నాకదే మొదలు. నల్లరేగడి పొలాలు అంతూ పొంతూ లేకుండా పోయి ఎక్కడో ఆకాశంలో కలిశాయి. ఊరూరికీ పక్కన ఎర్రటి ముక్కలు, అన్నీ కళ్ళాలే. నేను పుట్టి పెరిగిన లోకమంతా నా కాళ్ళ దగ్గర పరిచి ఉంటే భయమూ భక్తీ కలిసి ఒళ్ళు జలదరించింది. నాన్న చాలాసేపు వెతికి, బండ్లు పోయే డొంక మలుపును బట్టి మా కళ్ళాన్ని పట్టుకున్నాడు. అది ఆయన బొటనవేలి గోరంత కూడా లేదు. "దీని కోసమా అమ్మాయ్, నేనంత అరిచేది?" అన్నాడు.

కోటగోడ ఆఖరున మిగిలిన కొస బురుజు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పులిహోర డబ్బా మూత తీశామో లేదో, నర్సరావుపేట వైపు నుంచి వాన లేచింది.

వానకు అంచులుంటాయని నాకు అప్పటిదాకా తెలీదు. కింద ఉన్నవాళ్ళకి వానంటే లోకమంతా వానే. పైనుంచి చూస్తే అది పొలాల మీద నిలబడి నడిచొస్తోంది. దాని ఇటుపక్కా ఎండే, అటుపక్కా ఎండే. నడిచిన చోటల్లా నేల నల్లబడుతోంది, మధ్యలో మెరుపులు. ఎంత అందంగా ఉందో! అందంగా ఉందని అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. అది మా ఊరి దారి పట్టింది.

నాన్న లేచి నిలబడ్డాడు. కింద కళ్ళాలు ఒక్కొక్కటే ఎరుపు మాని నీలమవుతున్నాయి, పట్టాలు కప్పేస్తున్నారు. మాది మాత్రం ఎర్రగానే ఉంది. పక్కది నీలమైంది, దాని పక్కదీ అయింది. మాది ఎర్రగానే ఉంది.

"కప్పవేమే! కప్పు!" అని నాన్న కొండ కొసన నిలబడి అరిచాడు. ఆ అరుపు గాలికే చాల్లేదు. ఏడాది పంటంతా ఆ ఎర్రముక్కలోనే ఉంది. తడిస్తే బూజే. కానీ ఎండకు కాగిన కాయను తొందరపడి కప్పి, ఆ వాన కాస్తా రాకపోతే, కాయ చెమటపట్టి మచ్చలు తేలి తాలవుతుంది. రెండు వైపులా నష్టమే. ఎటు తేల్చాలన్నా కింద ఉన్న అమ్మే తేల్చాలి. ఆ మాట ఆమెది కాకుండా పాతికేళ్ళు చేసిన మనిషి నా పక్కన చేతులు నలుపుకుంటున్నాడు. "దానికేం తెలుసు, దానికేం తెలుసు" అంటున్నాడు. నాకు కోపం వచ్చింది.

వాన కొండ దాకా వచ్చింది. మా కిందుగా, పిలిస్తే పలికేంత దూరంలో నడిచింది. చల్లగాలి కొట్టింది, మట్టివాసన పైకెగిసింది. మా మీద ఒక్క చుక్క పడలేదు. అలాగే కొండ కింది వాగు వెంబడి పోయి, కళ్ళాలను తాకకుండా అవతలి పత్తిచేల మీద కురిసి పలచబడిపోయింది. నాన్న రాతి గుండు మీద కూలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

దిగేటప్పుడు ఆయన చెప్పు తెగింది. సాయంత్రానికి కళ్ళం చేరాం. పక్కవాళ్ళు పట్టాలు విప్పుతుంటే కాయ ఆవిరి కక్కుతోంది, వాళ్ళు తలలు పట్టుకున్నారు. అమ్మ కాయలో నడుస్తూ కాళ్ళతో తిరగదోస్తోంది.

"అందరూ కప్పితే నువ్వెందుకు కప్పలేదే?" అన్నాడు నాన్న, ఆయాసపడుతూ.

"మన మీదికొచ్చే వాన ఏదైనా ముందు ఆ కొస బురుజుని మింగి గానీ రాదు. మీరు నెత్తిమీది మబ్బు చూస్తారు, నేను బురుజు చూస్తా. అది మసకబారిందా, పట్టా లాగాలి. ఇవాళ మసకబారలేదు. మీరక్కడే ఉన్నారుగా, తడిశారా?"

నాన్న పొడిగా ఉన్న తన చొక్కా చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరడిగారా?"

 నాన్న తెగిన చెప్పు పక్కన పడేసి కాయ ఎగదోయడానికి దిగాడు. కుప్పయ్యాక అలవాటు కొద్దీ పట్టా కొస పట్టుకుని తలెత్తి ఆకాశం చూడబోయి, ఆగి, అమ్మ వైపు తిరిగాడు.

"ఏమంటావు? కప్పమంటావా?"