కాకకు తెలిసిన రెండు రివాల్వర్లు

ఎనభైల నాటి బొంబాయి కామాటిపురా, రివాల్వరు, ఒంటరి వీరుడు. మహాగాథ రాస్తానని మాటిద్దామనుకున్నాను గానీ, ఇందులో ఒక్క తూటా కూడా పేలదు.

మా చాల్‌లో, వరస గదుల ఆ పాత మేడలో, ఉండే కాక నాగ్‌పాడాలో ఓ నగల దుకాణానికి కాపలా. సేటుకున్న రెండు రివాల్వర్లలో ఏది గట్టిదో చెప్పడం ఆయనకు అలవాటు.

"విలాయతీదాని చక్రం జర్ర గూడ ఊగదు బిడ్డా. దేశీది వదులు పన్ను లెక్క కదుల్తది," అంటూ గాలిలోనే వేలితో చక్రం తిప్పేవాడు.

"కాలిస్తే ఏది మంచిది కాకా?"

"కాల్చే మౌకా ఏడ దొరికింది? తుడుసుడే నా పని."

గదికి పదిమంది పడుకునే చాల్‌లో ఆయన గదిలో ఆయనొక్కడే. దిండు కింద రివాల్వరు ఉంటుందని అందరికీ భయం. ఓ ఆదివారం మటన్ వండి, గడపగడపకూ వచ్చి భోజనానికి పిలిచాడు. అందరూ సలాం కొట్టారు, ఎవరూ వెళ్లలేదు. నేను లేవబోతే అమ్మ రెక్క పట్టుకుంది.

"తుపాకి పక్కన కూసొని బొక్కలు కొరుకుతవారా?"

ఆ కూర ఆయనకు మంగళవారం దాకా వచ్చింది.

రివాల్వర్లు రెండూ రోజూ దుకాణం మూసేముందు సేటు తన తిజోరీలో పెట్టి తాళం వేసేవాడు. కాక ఇంటికి తెచ్చుకునేది ఖాళీ బెల్టు, టిఫిన్ డబ్బా.