అమ్మ చెప్పిన ఎర్ర పడవ

కాగితాల మీద మా అమ్మ రెండుసార్లు నైనిటాల్ వెళ్ళొచ్చింది. నిజానికి అప్పటికామె గోదావరిఖని నుంచి అటు మందమర్రి, ఇటు ధర్మపురి దాటలేదు. ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. మండనీ. యాభైకి దగ్గరపడ్డాను, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు మండాలి?

మా బాపు ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుబాయిలో పనిచేశాడు. తట్ట పట్టి టబ్బుల్లో బొగ్గు నింపే పని. కుటుంబంతో ఏదైనా దూరప్రాంతం చూసి రమ్మని కొన్నేళ్ళకోసారి కంపెనీ సెలవూ దారిఖర్చూ ఇచ్చేది. ఎల్టీసీ అనేవాళ్ళు. పోయేవాళ్ళు పోయారు. మా ఎదురింటి వాళ్ళు ఊటీ వెళ్ళి ఫోటోలు దిగి వచ్చి, వాటిని చూపించడానికే మమ్మల్ని పిలిచి చాయ్ పోశారు. మా బాపు మాత్రం బజార్లో ఒక ఏజెంటును పట్టుకున్నాడు. టికెట్లూ, హోటల్ రసీదులూ ఆ మహానుభావుడే పుట్టించాడు. వచ్చిన డబ్బు ఊళ్ళో ఇంటి పైకప్పుకు పోయింది. దానికి నేనేమీ అనను, కారే కప్పు కింద ఎవరుంటారు? నాకు మండేది ఆ తర్వాతి సంగతికి.

నైనిటాల్ పోయినవాళ్ళు గోదావరిఖని బజార్లో కనపడకూడదు కదా! అందుకని ఆ పన్నెండు రోజులూ మందమర్రిలో మా మేనత్త క్వార్టర్లో దాక్కున్నాం. మే నెల ఎండ, రెండు గదులు, ఒకటే ఫ్యాను. వాకిట్లోకి రావద్దు, గట్టిగా నవ్వొద్దు. సైరన్ మోగితే చాలు, షిఫ్టు దిగినవాళ్ళు ఆ దారినే పోతారని బాపు కిటికీ రెక్కలు మూసేవాడు. ఆ గదిలో ఉడికిపోతూ, పదేళ్ళదాన్ని, "అమ్మా, నైనిటాల్ ఇంకా ఎన్ని రోజులే?" అని అడిగాను. మేనత్త పడీ పడీ నవ్వింది. అమ్మ నవ్వలేదు, విసనకర్ర నా వైపు తిప్పింది. తిరిగొచ్చేటప్పుడు బాపు మంచిర్యాల స్టేషన్ దగ్గర ఆపిల్ పండ్లు కొని, మా క్వార్టర్ల లైన్లో ఇంటింటికీ పంచాడు. "అక్కడి తోటలయి" అని చెప్పాడు. సిగ్గన్నా ఉండాలి.

రెండోసారి వెళ్ళొచ్చాక, అంటే వెళ్ళకుండా వచ్చాక, ఎవడో ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. విచారణకు గుమాస్తా వస్తున్నాడని ముందురోజే తెలిసింది. ఇక చూడండి మా ఇంట్లో చదువు! మా గోడకు కిరాణాకొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉండేది. దాని మీద కొండల మధ్య ఒక సరస్సు, నీళ్ళలో ఎర్ర పడవ. బాపు అమ్మను దాని ముందు కూర్చోబెట్టి, "ఇగో, గిదే చెప్పు. తడబడితే నా కొలువు పోతది" అన్నాడు. పొద్దున క్యాలెండర్ తీసి దాచేసి తాను డ్యూటీకి పోయాడు. ఎంత ధైర్యవంతుడో!

గుమాస్తా మంచం మీద కూర్చున్నాడు. అమ్మ తలుపు పక్కన నిలబడి చెప్పింది. "సుట్టూ గుట్టలు సారూ. నడుమ నీళ్ళు. ఆ నీళ్ళల్ల ఒక ఎర్ర పడవ. పొద్దుగాల్ల సూస్తే దాని నీడ సుత కదలది. సలికి నా చేతి ఏళ్ళు కొంకర్లు పోయినయంటే నమ్ము." క్యాలెండర్లో చలి లేదు. అది ఆమె సొంతంగా కలిపింది. గుమాస్తా రాసుకుని, చాయ్ తాగి, "మంచిగ సూసొచ్చిన్రమ్మా" అని వెళ్ళిపోయాడు.

కొలువు నిలిచింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బాపుకు అదొక వేడుకైపోయింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చుట్టాలు చేరితే చాలు, "ఏమే, నైనిటాల్ జెప్పు" అనేవాడు. అమ్మ గుట్టలు, నీళ్ళు, ఎర్ర పడవ అని మొదలుపెట్టేది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. కానీ ఆ ఏడాది అయిపోయాక క్యాలెండర్ బొమ్మను కత్తిరించి తన ఇనుప సందుగ మూత లోపల అంటించుకుంది. చీర తీసిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగి చూసేది. అది చూసిందాన్ని నేనొక్కదాన్నే.

పోయిన వానాకాలం కంటి డాక్టరు అమ్మ కళ్ళు చూశాడు. షుగరు కుడికంటి చూపును ఎప్పుడో తినేసింది. "ఎడమ కన్ను ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. చూడాలనుకున్నవి ఉంటే చూపించెయ్యండి" అన్నాడు. దవాఖాన మెట్లు దిగుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, గుట్టల నడుమ నీళ్ళు నిజంగ ఎట్లుంటయో ఒక్కపారి సూపెట్టు" అంది. నగ అడగలేదు, తీర్థం అడగలేదు. దేని గురించి అబద్ధం ఆడిందో దాన్ని ఒక్కసారి నిజంగా చూడాలనుకుంది, అంతే.

నైనిటాల్ అంత దూరం ఆమె ఒళ్ళు తట్టుకోదు. కానీ మన పక్కనే లేవా గుట్టలు? నేను బడిలో పాఠాలు చెప్తాను, పాత కారొకటి కొన్నాను, నడపడం నేర్చుకున్నాను. ఆసిఫాబాద్ మీదుగా కెరమెరి ఘాటు ఎక్కి, జైనూరు, ఉట్నూరు దాటి, అడవి దారిన, గుట్టల నడుమ నీళ్ళుండే కడెం ప్రాజెక్టుకు దిగి, జన్నారం మీదుగా ఇంటికి. ఒక్క రోజు పని. ఏజెంటు అక్కర్లేదు, రసీదు అక్కర్లేదు. ఆగస్టులో ఒక ఆదివారం అనుకున్నాను.

ఆ ఆదివారం బాపు కార్మిక సంఘం మీటింగు ఉందన్నాడు. రిటైరై పదిహేనేళ్ళు దాటింది, ఈయన లేకపోతే మీటింగు ఆగిపోతుందా? మేమిద్దరం పోతామంటే అమ్మ వినలేదు. "ఆయనకు సూపెట్టకుంట నేనొక్కదాన్నే ఎట్ల సూస్త?" అంది. సెప్టెంబర్లో బయల్దేరబోతే మోకాలు నొప్పి అన్నాడు. అదే మోకాలితో ఆ సాయంత్రం బజారుకు నడిచిపోయాడు. మూడోసారి, దసరా ముందు, అసలు సంగతి బయటపెట్టాడు. "ఆడిపిల్లవు, ఘాట్ రోడ్డు మీద నీ కారెవడు ఎక్కుతడు? గా బ్రేకులు మంచిగ లెవ్వు." ఆడలేక మద్దెల ఓడన్నట్టు! భయమని చెప్పొచ్చు కదా. ముప్పై ఏళ్ళు భూమి లోపలికి దిగినవాడు కూతురి కారెక్కడానికి భయపడ్డాడు. ప్రతిసారీ అమ్మ, "పోనియ్యి బిడ్డా, ఇంకోపారి పోదాం తియ్యి" అనేది. నేను కూడా పోనిచ్చాను. నా మీద నాకున్న కోపం అక్కడిదే.

డిసెంబర్లో ఒక ఉదయం కారు వాళ్ళ వాకిట్లో పెట్టి హారన్ కొట్టాను. "బాపూ, ఎక్కుతవా, లేకపోతే అమ్మను ఎత్తుకపోవాల్నా?" అన్నాను. ఎక్కాడు. ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "జర నెమ్మది. లారీ వస్తుంది. నీకు లైసెన్సు ఇచ్చినోడెవడే?" గోడకు చెప్పుకున్నా నయం, ఆయనకు జవాబు చెప్పడం కన్నా. వెనక సీట్లో అమ్మ సర్వపిండి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది.

శ్రీరాంపూర్ దగ్గరికి రాగానే, "గుట్టలొచ్చినయా బిడ్డా?" అని అడిగింది.

"గవి గుట్టలు గావే, ఓపెన్‌కాస్టుల నుంచి బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి" అన్నాడు బాపు. ఏళ్ళ తరబడి చూస్తున్న మట్టికుప్పలను అమ్మ ఎందుకలా అడిగిందో ఆలోచించే తీరిక నాకు లేదు. నేను బాపుతో బ్రేకుల మీద పోట్లాడుతున్నాను.

కెరమెరి ఘాటులో నిజమైన గుట్టలొచ్చాయి. మలుపు తిరిగినకొద్దీ కింద లోయ తెరుచుకుంది. పత్తి చేలు, గోండు గూడేల ఎర్ర పెంకుల కప్పులు, వాటి వెనక ఒకదాని మీదొకటి కొండలు. పైన కారు ఆపి, అమ్మను కిందికి దింపి, "చూడమ్మా!" అన్నాను. ఆమె అటే తిరిగి చాలాసేపు నిలబడింది. "గాలి ఎంత సల్లగున్నది! గడ్డి కోసినట్టున్నరు, వాసనొస్తుంది" అంది. కొండల సంగతి ఒక్క మాట అనలేదు. ఈలోపు బాపు, "సూసుడు అయిపోయింది గదా, ఇంగ ఇటే మర్లిపోదాం. పొద్దుమూకితే అడవిల ఎట్ల?" అని మొదలుపెట్టాడు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. "మీటింగున్నదా బాపూ?" అన్నాను. ఆయన పోయి కారెక్కి, మళ్ళీ లేని బ్రేకు మీద కాలు పెట్టాడు.

కడెం చేరేసరికి ఎండ వాలింది. అమ్మ మోచెయ్యి పట్టుకుని కట్ట మీద నడిపించాను. బాపు వెనకాల వచ్చాడు. ఎదురుగా నీళ్ళు, నిండుగా, చివర ఎక్కడో కొండల కాళ్ళ దాకా. గాలికి సన్నగా ముడతలు పడుతున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత అమ్మను నిజంగానే తెచ్చి నిలబెట్టాను.

అమ్మ నీళ్ళ వైపు ముఖం పెట్టి నిలబడింది. కొంచెంసేపటికి, "ఏమయ్యా, ఎర్ర పడవ ఉన్నదా?" అని బాపును అడిగింది.

బాపు ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "ఉన్నదే. గా నడుమల్నే ఉన్నది" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

నాలో ఏదో తెగింది. "లేదు! పడవ లేదు, ఏం లేదు! ఇంకెన్నేండ్లు బాపూ ఈ అబద్ధాలు? ఆమె ముందటనే నిలబడి కండ్లతోని చూస్తుంటే సుత..." అని అరిచి, అక్కడే ఆగిపోయాను. కళ్ళతో చూస్తున్న మనిషి ఎందుకడుగుతుంది?

"అమ్మా, నీకు కనవడుత లేదా?"

"వెలుగు కనవడుతది. నీ నీడ కనవడుతది" అంది మామూలుగా. "దసర సంది గంతే. ఇంట్ల అన్ని చేతికి ఎరుకే, ఎవలకు తెల్వనియ్యలే. పడవున్నదో లేదో నాకేం తెలుసు? మీ బాపు ఏమంటడో ఇందామని అడిగిన."

"ఎందుకు చెప్పలేదే!"

"చెప్తే దవాఖానకు తీస్కపోతుంటివి. ఇటు తీస్కరాకపోతుంటివి."

దసరా నుంచి. మూడు ఆదివారాలు దసరాకు ముందే గడిచిపోయాయి. మీటింగు, మోకాలు, బ్రేకులు. ఆ మూడింట్లో ఏ ఒక్క రోజు వచ్చినా ఈ నీళ్ళు ఆమె కంట్లో పడేవి. నేను బాపు వైపు తిరిగాను. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, "పోదాం పా. పొద్దుగూకుతుంది" అని గొణిగాడు.

అమ్మ చేత్తో తడుముకుని కట్ట మీద కూర్చుంది. "నేను లేవ" అంది. గొంతు పెంచలేదు. "ఎన్నడు సూడంది సూసినట్టు ఊరంతటికి చెప్పిన, నీ కొలువు కోసం. నువ్వు నవ్విస్తే నలుగురి ముంగట నవ్విన. ఇయ్యాల నువ్వు సూసి నాకు చెప్పు. ఉన్నదే చెప్పాలె."

బాపు నా వైపు చూశాడు. ఏదైనా అందిస్తానని కాబోలు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. "నా దిక్కేం చూస్తవు బాపూ? నీళ్ళ దిక్కు చూడు."

మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడే మనిషి. "నీళ్ళున్నయి" అన్నాడు, అంతే.

"ఎట్లున్నయి?"

"ఎట్లుంటయే... నల్లగున్నయి. గుట్టల కాడ. ఇటు దిక్కు ఎండ వడి తెల్లగున్నయి." ఒక అడుగు ముందుకేసి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "పడవ లేదే. ఒగడు థర్మాకోల్ తెప్ప మీద కూసొని వల తీస్తుండు. ఆని వలల ఏం లేదు. మళ్ళ ఏస్తుండు." మోకాలు పట్టుకుని అమ్మ పక్కన కట్ట మీద కూర్చున్నాడు. ఆయన మీద నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

"ఇంకా?" అంది అమ్మ.