నా పందిరి, అవ్వకు పూలదండ

బతికున్న అవ్వకు పూలదండ తెప్పించిన ఘనుణ్ని నేను. ధర్మవరంలో నాకు ముందు ఎవరూ ఆ పని చేయలేదు, నా తర్వాత ఎవరూ సాహసించలేదు. అంతటికీ మూలం మా పెరట్లో నేను వేసుకున్న ఒక పందిరి.

అప్పటికి డిగ్రీ అయిపోయింది, కథలు రాసే జబ్బు పట్టుకుంది. తోటలో చిన్న గుడిసె, చుట్టూ తీగలు, లోపల కుర్చీలో చదువుకుంటున్న మనిషి. ఫోన్‌లో ఇలాంటి ఫొటోలు చూసి చూసి, కరివేప చెట్టు పక్కన నాలుగు వెదుళ్లు పాతి, పచ్చి కొబ్బరి మట్టలు కప్పాను. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, పందిరి వేయగానే కథ పుట్టలేదు. గోడకవతల పొద్దస్తమానం నాయన మగ్గం చప్పుడు ఉంది మరి! తప్పు నాదెట్లా అవుతుంది, మీరే చెప్పండి.

పందిరి మట్టలు ఇంకా పచ్చిగా ఉండగానే ఒకరోజు నాయన చీరలు ఇవ్వడానికి హిందూపురం పోయాడు. మగ్గం మీద అమ్మ కూర్చుంది. ఒక్క పూట ఆపమని ఆమెను బతిమాలాను.

"ఊరికే మగ్గం ఆపితే వీధిలో ఏమనుకుంటారు నాయనా?" అంది అమ్మ.

మా వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందు ఆ ఇంటి మగ్గం ఆగుతుంది. అది గమనించి పక్కింటివాళ్లు ఆపుతారు, ఆ తర్వాత వీధంతా ఆపుతుంది. ఊయలలో బిడ్డకు కూడా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. కానీ మహా రచయితలకు ఇలాంటివి గుర్తుంటాయా? అమ్మ చేత మగ్గం ఆపించాను. ఆమె వంటింట్లోకి పోయింది.

జ్వరం తగ్గి నీరసంగా ఉన్న అవ్వ, చల్లగా ఉందని నా పందిట్లోనే చాప పరుచుకుని నిద్రపోయింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి పక్కింటి మగ్గం ఆగింది. ఎదురింటిదీ ఆగింది. వీధి మొత్తం నా కథ కోసం ఊపిరి బిగబట్టిందని మురిసిపోయాను.

అంతలో పక్కింటి ఓబుళమ్మ పెద్దమ్మ పూలదండతో పెరట్లోకి వచ్చింది. వెనకే వీధంతా వచ్చింది. చావింట్లో వేసేట్టే పచ్చి మట్టల పందిరి, కింద కదలని అవ్వ, పక్కన తలవంచుకున్న మనవడు. ఇంకేం కావాలి? పెద్దమ్మ దండ అవ్వ మీద పెట్టి ఏడుపందుకుంది.

అవ్వ కళ్లు తెరిచి, "ఎవురు పోయినారే?" అని అడిగింది.



ఈలోగా ఎవరో నాయనకు ఫోన్ చేసేశారు. హిందూపురంలో బస్సెక్కినవాడు పెనుకొండ దాటినా ఏడుపు ఆపలేదట. ఇంటికి వచ్చేసరికి అవ్వ దండ పక్కన పెట్టుకుని కాఫీ తాగుతోంది. నాయన తన తల్లి పాదాలు పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనకుండా, మొహం కడుక్కుని పోయి మగ్గం మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

రెండేళ్లకు అవ్వ నిజంగానే పోయింది. నాయన మగ్గం ఆపాడు. వీధిలో ఇంకే మగ్గమూ ఆగలేదు, ఒక్కరూ రాలేదు. నేను బయటికి పోయేసరికి పెద్దమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"ఏమప్పా, మళ్లా రాసుకుంటాండావా?" అంది.

"లేదు పెద్దమ్మా. అవ్వ పోయింది."

ఆ రోజు ఇల్లిల్లూ తిరిగి నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది.

పందిరి ఇప్పటికీ ఉంది, మల్లెతీగ అల్లుకుంది. అందులో కూర్చుని అవ్వ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఎవరినీ నిశ్శబ్దం అడగను. మగ్గం చప్పుడు వినిపించినంతసేపే రాస్తాను.

ఇప్పుడే ఆగింది. నాయన మంచినీళ్లకు లేచినట్టున్నాడు. ఉండండి, ఒకసారి చూసొస్తాను.