ఏసీ గదిలో కుర్చీ

ఎలీశమ్మకు ఆ ఏడాదంతా కడుపుమంటే. దవాఖానకు పోయి మందు తెచ్చుకుంటే తగ్గే మంట కాదది. దాని పేరు శేషారత్నం.

అంతకుముందు ఎలీశమ్మ ఎవరిని చూసీ ఏడ్చిన మనిషి కాదు. ఎందుకేడుస్తుంది? తుర్కయంజాల్‌లో పుట్టి, పొద్దున్నే బస్సు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి టైపు నేర్చుకుని, లోయరూ హయ్యరూ రెండూ ఫస్టుక్లాసులో పాసయింది. ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు, ఆర్టీసీలో మెకానిక్కు చేసే భర్త యాకోబు. జనార్ధన్ ప్లాట్ల ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం. జనార్ధన్‌ వాళ్ళు ఆ పక్క ఊళ్ళో పాత కాపుదనపు కుటుంబం. తాతలు జొన్నలు పండించిన చేన్లలో అతను తెల్లరాళ్ళు పాతించి కాలనీలు కట్టిస్తున్నాడు. ఎనభైల్లో ఆ దిక్కున అందరిదీ అదే పని. మిఠాయి దుకాణం పైనున్న ఆ ఆఫీసు నుంచి ఏ కాగితం బయటికి పోయినా అది ఎలీశమ్మ వేళ్ళు దాటి పోవలసిందే.

“మా ఎలీశమ్మ మిషన్ మీద కూసున్నదంటే వాన పడ్డట్టే!” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు జనార్ధన్. ఎలీశమ్మ తల ఎత్తకుండా వినేది. ప్రతి మాటా వినేది.

ఎనభై ఎనిమిదిలో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాని కోసం ఒక మూల అద్దాల గది కట్టారు. మనుషులకు ఫ్యాను, దానికి ఏసీ! లోపలికి పోవాలంటే చెప్పులు బయట విప్పాలి. జనార్ధన్ తల్లి కౌసల్యమ్మ అది చూసి, “గుడి లెక్కనే ఉన్నది బిడ్డా” అని మురిసిపోయింది. ఆ గుడికి పూజారిణిగా శేషారత్నం దిగింది. తెనాలి వైపు నుంచి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నవాళ్ళ అమ్మాయి. కంప్యూటర్ కోర్సు చదివింది. కానీ టైపు? అయ్యో రామా! రెండు వేళ్ళతో, కోడి గింజలేరుకున్నట్టు, ఒక్కొక్క అక్షరం వెతికి పొడిచేది.

ఆ పొడుపుడును చూడటానికి జనం! ప్లాటు కొనడానికి వచ్చినవాళ్ళు అద్దానికి ముక్కులానించి నిలబడేవారు. శేషారత్నానికి టీ కప్పూ సాసర్లో పోయేది, ఎలీశమ్మకు అదే పాత గాజుగ్లాసు. వాన పడ్డట్టు కొట్టే మనిషి ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే, వెతికి పొడిచే మనిషి చలికి పైట కప్పుకుని కూర్చుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? ఆదివారం ప్రార్థనలో ఎలీశమ్మ ప్రభువునే అడిగింది. గా ఏసీకి గా పిల్లకు జలుబు చెయ్యనియ్యి తండ్రీ, పెద్ద రోగం వద్దు, గొంతు పోతే చాలు అని.

ఇంతలో జనార్ధన్ ఇంకో మాట అన్నాడు. “దసరా అయినంక హయత్‌నగర్‌ల సైటాఫీసు తెరుస్తున్నం. మీ ఇద్దర్ల ఒకరు గాడికి పోవాలె. కంప్యూటర్ మంచిగ నడిపేటోళ్ళే ఈడ ఉంటరు.”

హయత్‌నగర్ సైటాఫీసంటే హైవే పక్కన రేకుల షెడ్డు. లారీల దుమ్ము, రశీదుల పుస్తకం, అంతే. అక్కడికి పోతే ఇన్నేళ్ళ పేరూ ఆ దుమ్ములోనే కలుస్తుందని ఎలీశమ్మకు తెలుసు.

శేషారత్నం మాత్రం ఏమీ ఎరగనట్టు, “రండి ఎలీశమ్మ గారూ, మీకూ నేర్పిస్తాను. మీ స్పీడుకి వారంలో వచ్చేస్తుంది” అంది.

“నాకెందుకమ్మా గా డబ్బ? నా మిషన్ నాకున్నది.”

ఆ మాటంది, మర్నాడే తన బల్ల అద్దాల గదికి ఎదురుగా జరిపించుకుంది. గాలి కోసమని చెప్పింది. ఆ పిల్ల దగ్గర చేయి చాచి నేర్చుకోవడమా? చస్తే చాచదు. దొంగచూపులతోనే నేర్చుకుంది. పొద్దున శేషారత్నం ముందు ఏ స్విచ్చు వేస్తుంది, నల్లటి ఫ్లాపీని కాగితపు తొడుగులోంచి ఎలా తీస్తుంది, ఏ వైపు తిప్పి గూట్లో పెడుతుంది, గూటి మీది పిడి ఎటు తిప్పుతుంది, తెర మీద ఏ అక్షరాలు కొడితే ఏం వస్తుంది, అన్నీ. తన మిషన్ మీద వేళ్ళు ఆడుతుండగానే కళ్ళు అద్దంలోంచి లోపలికి పోయేవి. ఒకసారి జనార్ధన్ ఫ్లాపీని పట్టుకోబోతే శేషారత్నం కెవ్వుమంది. “ఆ సందులో వేలు పెట్టకండి సార్! తగిలితే లోపల ఉన్నదంతా పోతుంది.” ఫ్లాపీకి నడుమ పొడుగ్గా ఒక సందు ఉంటుంది, అందులోంచి లోపలి బిళ్ళ కనిపిస్తుంది. అదీ ఎలీశమ్మ మనసులో పెట్టుకుంది. పగలంతా అలా చూసీ చూసీ ఆ కంప్యూటర్ తనదే అన్నట్టయింది ఆమెకు. శేషారత్నం దాన్ని ముట్టుకుంటే ఎవరో తన పొయ్యి మీద వంట చేస్తున్నట్టు ఉండేది.

ఆయుధపూజ వచ్చింది. ప్రతి ఏడూ ఆ పూట ఎలీశమ్మ మెట్ల మీదికి పోయి నిలబడేది. చర్చికి పోయే మనిషి కదా. కానీ మొదటి దండ తన టైపు మిషన్‌కే పడుతుందని ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉండేది. ఈసారి దండ కంప్యూటర్‌కు పడింది. టైపు మిషన్ మీద రెండు బంతిరేకులు రాల్చి సరిపెట్టారు. చూసింది ఎలీశమ్మ. ఇక మెట్ల మీద కాలు నిలవలేదు. చెప్పులు విప్పి అద్దాల గది గుమ్మం దాకా వచ్చింది.

లోపల కౌసల్యమ్మ తడి కుంకుమతో తెరకు, మీటల పలకకు బొట్లు పెట్టింది. పెట్టి, ఫ్లాపీని కూడా తొడుగులోంచి తీసింది. కాలనీల ప్లాట్లన్నీ ఎక్కించిన ఫ్లాపీ అది. కాపాడవలసిన శేషారత్నం చేతులు జోడించి, కళ్ళు మూసుకుని పక్కనే నిలబడి ఉంది. కౌసల్యమ్మ వేలు సరిగ్గా ఆ సందు మీదికే పోతోంది.

నోరు మూసుకుంటే చాలు. రేపు ఫ్లాపీ పనిచేయదు, తిట్లన్నీ ఆ పిల్లకే, హయత్‌నగర్ కూడా ఆ పిల్లకే. పైగా తను అడ్డం పోతే, చర్చిదానివి మా బొట్టునే ఆపుతావా అంటారు. ఇదంతా ఎలీశమ్మకు ఒక్క క్షణంలో తెలిసింది. అయినా ఊరుకోలేకపోయింది. శేషారత్నం మీద జాలితో అనుకునేరు, కాదు. తనది పాడవుతుంటే ఎవరు చూస్తూ ఊరుకుంటారు?

“ముట్టకుండ్రి అమ్మా!”

కౌసల్యమ్మ మొహం ఎర్రబడింది. “ఏందే? నేను బొట్టు పెడితే నీకేమైంది?”

“బొట్టుకు కాదమ్మా. గా సందుల తడి తగిల్తే మన ప్లాట్లన్నీ పోతయ్. తొడుగు మీద పెట్టుండ్రి, గాడనే మంచిగ కనబడ్తది.”

శేషారత్నం కళ్ళు తెరిచి, ఫ్లాపీని చూసి, పాలిపోయింది. “నిజమేనండీ” అంది సన్నగా.

“నీకెట్ల తెలుసు?” అన్నాడు జనార్ధన్.

“చూసిన సార్. దినాం చూస్తున్న.”

“అయితే కూసో. నడుపు, జూద్దాం.”

ఎలీశమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. మెడ మీదికి చల్లగాలి తగిలింది. స్విచ్చు వేసింది, ఫ్లాపీ పెట్టింది, పిడి తిప్పింది, అక్షరాలు కొట్టింది. తెర పలికింది! కొత్త వెంచరు గురించి కస్టమర్లకు ఉత్తరం చెప్పసాగాడు జనార్ధన్. అతను చెప్పలేక ఆగాడు గానీ ఎలీశమ్మ వేళ్ళు ఆగలేదు. మెత్తటి మీటలు, కాగితం మార్చే పని లేదు, ఆకుపచ్చ అక్షరాలు తెర మీద బిలబిలా దొర్లుతున్నాయి. “అబ్బబ్బా!” అని కౌసల్యమ్మ కోపం మరిచి నోరు తెరిచింది. ఎలీశమ్మ ఓరగా శేషారత్నాన్ని చూసింది. ఆ పిల్ల పెదవి కొరుకుతూ తన వేళ్ళనే చూస్తోంది. ఆ చూపు ఎలీశమ్మకు బాగా తెలుసు.

“అయిపోయింది సార్” అంది ఎలీశమ్మ. రోజూ తన మిషన్‌కు చేసినట్టే చకచకా స్విచ్చు ఆపేసి, గుడ్డ కప్పేసింది.

కంప్యూటర్‌ను తెరవడం ఆమె రోజూ చూసింది. మూయడం ఎన్నడూ చూడలేదు. సాయంత్రం శేషారత్నం ఇంకా లోపల కూర్చుని ఉండగానే ఆమె ఎల్బీనగర్ బస్సుకు పరిగెత్తేది. టైపు మిషన్ మీద కొట్టింది కొట్టినట్టే కాగితం మీద ఉంటుంది, ఎవరూ దాయనక్కర్లేదు.

“ఏదీ, కాగితం తియ్యి” అన్నాడు జనార్ధన్.

“సేవ్ చేయలేదండీ. అంతా పోయింది” అంది శేషారత్నం.

“పక్కన్నే నిలబడితివి గద, చెప్పొద్దా?”

“నన్నెవరూ అడగలేదండీ.”

జనార్ధన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తల గోక్కున్నాడు. చివరికి, “గీ పిల్లనే ఈడ ఉండనీ. ఎలీశమ్మా, నువ్వు హయత్‌నగర్ చూసుకో” అన్నాడు.

చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి శేషారత్నం వచ్చింది. “మీ చెయ్యి స్విచ్చు మీదికి వెళ్తుంటే చెప్దామనే అనుకున్నానండీ. మీ వేళ్ళు చూశాక నోరు రాలేదు. నాకు ఈ జన్మలో అలా రాదు.” చెప్పి, ఎలీశమ్మ ఏమంటుందోనని కూడా ఆగకుండా పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం సంగతంతా విని యాకోబు కంగారు పడ్డాడు. “కుర్చీ పాయె, పేరు పాయె, హయత్‌నగర్‌కు తోలిచ్చిండ్రు. మరి గా నవ్వేంది నీకు?”

“గా చదువుకున్న పోరి నన్ను జూసి కుళ్ళింది, తెల్సా? నన్ను జూసి!”

యాకోబుకు అర్థం కాలేదు. ఎలీశమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి స్విచ్చు సంగతి తీసేసి చెప్పింది.